పెద్ద చైన్‌సాకు ఎంత బారు, ఏ చైను: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉద్దానంలో మాది చిన్న మరమ్మతు కొట్టు. చైన్‌సాలు బాగుచేయడం, చుట్ట నుంచి చైను కత్తిరించి అతకడం, సాన పట్టడం మా పని. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చిన తరువాత కొట్టు ముందు యంత్రాల వరుస పెరిగింది, ప్రశ్నలూ పెరిగాయి. అందరూ మొదట అడిగేది బారు, అంటే చైను చుట్టూ తిరిగే ఇనుప పలక, పొడవు గురించే. మన భాషలో బార అంటే రెండు చేతులు చాచినంత కొలత. ఆ మాటతో ఈ ఇంగ్లీషు బారుకు చుట్టరికం లేదు కాని, కొందరి కోరిక చూస్తే ఉందేమో అనిపిస్తుంది. మళ్లీ మళ్లీ చెప్పిన జవాబులే ఇక్కడ రాస్తున్నాను.

నాది 70 సీసీ యంత్రం. ఎంత పొడవు బారు వేయవచ్చు?

గట్టి కర్ర కోసేవారైతే 20 అంగుళాలు. అప్పుడప్పుడు లావు దుంగలు వస్తుంటే 24. అక్కడితో ఆగండి.

ఇదే తరగతి యంత్రానికి అమెరికా పశ్చిమ తీరంలో 28, 32 అంగుళాల బార్లు బిగిస్తారు. వారు కోసేది డగ్లస్ ఫర్ వంటి మెత్తని కర్ర. అదే యంత్రాన్ని ఐరోపాలో 18, 20 అంగుళాలతో నడుపుతారు. చింత, సరుగుడు, నల్లతుమ్మ కోసే మనకు రెండో అలవాటే సరిపోతుంది. వీడియోలో ఎవరో రెండు గజాల బారుతో మహావృక్షాన్ని కోశారని మన చింతమాను ఒప్పుకోదు.

మా కొట్టులో నేను చెప్పే లెక్క ఇది. 45 నుంచి 50 సీసీకి 16 లేదా 18 అంగుళాలు. 60 సీసీకి 18 లేదా 20. స్టిల్ ఎంఎస్ 382 (72.2 సీసీ), హస్క్‌వార్నా 372 ఎక్స్‌పీ (70.7 సీసీ) వంటివాటికి 20 నుంచి 24. ఎంఎస్ 661 (91.1 సీసీ), హస్క్‌వార్నా 395 ఎక్స్‌పీ (93.6 సీసీ) స్థాయికి 25 నుంచి 30, మెత్తని కర్రకైతే 36. ఆపై పొడవు కావాలంటే ఎంఎస్ 881 (121.6 సీసీ) వంటి యంత్రం కావాలి. దాన్ని రోజంతా మోయగల మనిషి కూడా కావాలి.

బారు పొడవు ఎక్కువైందని తెలుసుకోవడం కష్టం కాదు. బారు మొత్తం కర్రలో మునిగి ఉన్నప్పుడు మామూలు ఒత్తిడికే ఇంజను మూలిగి చైను ఆగిపోతుంటే యంత్రానికి శక్తి చాలడం లేదన్నమాట. కాని ఆ తీర్పు చెప్పే ముందు చైను సాన పట్టి మరోసారి కోసి చూడండి. మొండి చైనుకు ఏ బారైనా పొడవే.

24 అంగుళాల బారు కొన్నాను. విప్పి కొలిస్తే అంతకంటే ఎక్కువ వచ్చింది. ఏది నిజం?

రెండూ నిజమే. కర్ర కోసే భాగమే లెక్క. యంత్రం ముందు అంచు నుంచి బారు కొన దాకా కొలుస్తారు. మూతలోకి వెళ్లి బోల్టులకు బిగిసే తోక భాగం అందులో చేరదు. కర్రను పట్టుకునే ముళ్ల పట్టీ కూడా కాస్త చోటు తింటుంది కాబట్టి చేతికి దక్కేది రాసిన అంకె కన్నా ఒక అంగుళం తక్కువని అనుకోండి.

మా ఇంటి వెనుక చింతచెట్టు నా బారు కంటే లావు. కోయడానికి పెద్ద బారు కొనాల్సిందేనా?

ముందు లావెంతో చూడండి. చుట్టుకొలత టేపుతో కొలిచి 3.14తో భాగించాలి. రెండున్నర మీటర్ల చుట్టుకొలత ఉన్న మాను అడ్డంగా 80 సెంటీమీటర్లు, అంటే దాదాపు 32 అంగుళాలు ఉంటుంది. పడి ఉన్న దుంగనైతే రెండు వైపుల నుంచీ కోయవచ్చు. లెక్క ప్రకారం బారు పొడవుకు రెట్టింపు లావు వరకు కోత అందుతుంది. కోతలు మధ్యలో కలవాలి, కొన ఎక్కడుందో కనబడదు కనుక ఒకటిన్నర రెట్లు దాటితే నేను వద్దంటాను. 24 అంగుళాల బారుకు ఆ 32 అంగుళాల మాను ఇబ్బంది కాదు.

నిలబడి ఉన్న చెట్టు సంగతి వేరు. పడే వైపు గాటు, వెనుక కోత, మధ్యలో వదలాల్సిన కర్ర, ఈ మూడూ సరిగ్గా కుదరాలి. బారు చాలని లావు చెట్టును పడగొట్టడం నేర్పున్న పనివారికే వదిలేయండి. ఏడాదికి ఒక్క చెట్టు కోసం పెద్ద బారు, పెద్ద యంత్రం కొనడం కన్నా వారి కూలి చవక.

కొబ్బరి విషయంలో ఈ గొడవే లేదు. కొబ్బరి మాను సాధారణంగా అడుగు లావు. దానికి 18 అంగుళాల బారే ఎక్కువ. తుపాను తరువాత కొబ్బరి తోట కోసం 30 అంగుళాల బారు అడిగినవారిని చాలామందిని వెనక్కి పంపాను.

అయితే పొడవైన బారుతో లాభమే లేదా?

ఉంది. నేల మీది కొమ్మలు, దుంగలు కోసేటప్పుడు నడుము తక్కువ వంగాలి. లావు దుంగను ఒకే పక్క నుంచి కోసేయవచ్చు. కొన దూరంగా ఉంటుంది కనుక పొదల్లోకి మనం దూరాల్సిన పని తగ్గుతుంది. ఆ దూరమే ప్రమాదం కూడా. దుంగ అవతల కొన రాయికి తగులుతోందో, నేలలో గుచ్చుకుంటోందో కనబడదు. చైను ఒక్కసారి ఇసుకలో దిగితే ఆ పూట పదును పోయినట్టే. అవతల మనిషి ఉంటే ఏమవుతుందో రాయనక్కరలేదు.

చైను కొనేటప్పుడు పొడవు చెబితే చాలదా?

చాలదు. మా కొట్టుకు వచ్చే తగాదాల్లో సగం ఇక్కడే పుడతాయి. మూడు అంకెలు కావాలి: పిచ్, గేజ్, డ్రైవ్ లింకుల సంఖ్య.

చైనులో వరుసగా ఉన్న మూడు రివిట్లు చూడండి. మొదటిదాని మధ్య నుంచి మూడోదాని మధ్య వరకు కొలిచి సగం చేస్తే వచ్చేది పిచ్. పెద్ద యంత్రాల్లో 3/8 అంగుళం, మరీ పెద్దవాటిలో 0.404, మధ్యరకంలో 0.325 కనిపిస్తాయి. చిన్న యంత్రాలకు లో ప్రొఫైల్ అని మరో 3/8 ఉంది. పేరు ఒకటే అయినా పెద్దదానికి అది పనికిరాదు.

గేజ్ అంటే బారు గాడిలోకి దిగే డ్రైవ్ లింకు మందం. 0.050, 0.058, 0.063 అంగుళాలు, మన కొలతలో 1.3, 1.5, 1.6 మిల్లీమీటర్లు. 0.063 చైను 0.050 గాడిలోకి అసలు దిగదు, కాబట్టి ఆ తప్పు అక్కడే బయటపడుతుంది. చిక్కంతా తిరగేసినప్పుడు వస్తుంది. 0.058 చైను 0.063 గాడిలో చక్కగా దిగుతుంది, తిరుగుతుంది, కోస్తుంది. అయితే గాడిలో అటూ ఇటూ వాలుతూ కోతను వంకర చేస్తుంది, బారు అంచుల్ని తినేస్తుంది. నేను పని కొత్తగా నేర్చుకునే రోజుల్లో ఫోనులో "24 అంగుళాలు, 84 లింకులు" అని మాత్రమే చెప్పి తెప్పించిన చైను ఇలాగే వచ్చింది. నెల తిరగకుండా బారు పాడైంది. గేజ్ అడగని తప్పు నాదే.

డ్రైవ్ లింకులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టాలి. 3/8 పిచ్‌లో 20 అంగుళాల బారుకు సాధారణంగా 72, 24కు 84 వస్తాయి. అయితే 28 అంగుళాలంటే ఒక కంపెనీకి 91, మరో కంపెనీకి 92 లేదా 93 ఉండవచ్చు. అందుకే పొడవు మీద నమ్మకం పెట్టుకోకండి. పాత చైను పట్టుకుని రండి, అన్నిటికన్నా తేలిక అదే.

అంకెలు ఎక్కడ రాసి ఉంటాయి?

బారు తోక దగ్గర చెక్కి ఉంటాయి. గ్రీజు తుడిస్తే కనబడతాయి. స్టిల్ చైనులో పన్ను ముందుండే బుడిపె మీద ఒక అంకె ఉంటుంది: 2 అంటే 0.325, 3 అంటే 3/8, 4 అంటే 0.404, 6 అంటే లో ప్రొఫైల్. డ్రైవ్ లింకు మీది అంకె గేజ్ చెబుతుంది: 3 అంటే 1.3, 5 అంటే 1.5, 6 అంటే 1.6 మిల్లీమీటర్లు. ఒరెగాన్ కంపెనీ చైనులో 72, 73, 75 అని ఉంటే మూడూ 3/8 పిచ్‌వే, గేజ్‌లు వరుసగా 0.050, 0.058, 0.063. ఈ 72ను లింకుల సంఖ్య అనుకుని పొరబడినవారున్నారు, జాగ్రత్త.

3/8 మంచిదా, 0.404 మంచిదా?

90 సీసీ వరకు 3/8. 120 సీసీ యంత్రాలకు 0.404. పన్ను పెద్దది కనుక మొరటు పనికి తట్టుకుంటుంది, కోత వెడల్పు కావడంతో శక్తి ఎక్కువ తింటుంది. మార్చాలనుకుంటే చైను ఒక్కటీ మారిస్తే కుదరదు. యంత్రం స్ప్రాకెట్ (చైనును లాగే పళ్ల చక్రం), బారు కొనలోని చిన్న చక్రం, చైను, మూడింటి పిచ్ ఒకటే ఉండాలి.

ఫుల్ చిజెల్, సెమీ చిజెల్ అంటున్నారు. మన చెట్లకు ఏది?

ఫుల్ చిజెల్ పన్ను మూల చతురస్రంగా, వాడిగా ఉంటుంది. శుభ్రమైన పచ్చి కర్రలో వేగం దీనిదే. కాని ఆ వాడి మూల కాస్త మట్టి తగిలితే చాలు, పోతుంది. సెమీ చిజెల్ మూల గుండ్రం. కోత కాస్త నిదానం, పదును మాత్రం ఎక్కువసేపు నిలుస్తుంది.

మా తీరంలో నేను ఇచ్చేది సెమీ చిజెలే. తుపానుకు కూలి, వారం రోజులు ఇసుకలో, బురదలో పడి ఉన్న మాను బెరడు నిండా ఇసుకే. పైగా కొబ్బరి, తాటి మామూలు కర్రలు కావు. తాటిజాతి పీచులో సిలికా రేణువులు ఉంటాయి. అంటే పైకి శుభ్రంగా కనిపించే మానులో కూడా ఇసుక దాగి ఉన్నట్టే. తాటి అంచున ఉండే నల్లటి గట్టి పీచు పొరలో ఫుల్ చిజెల్ పెడితే కాసేపటికే పొట్టు సన్నబడి పొడి రాలుతుంది. ఆ పొడే మొండి చైను గుర్తు. పదునున్న చైను పేలికలుగా పొట్టు విసురుతుంది.

సామిల్లుకు వెళ్లే శుభ్రమైన టేకు, మామిడి దుంగలైతే ఫుల్ చిజెల్ వాడండి. రోడ్డు పక్క వేపచెట్లకు బోర్డులు కొట్టిన మేకులుంటాయి. వాటిని ఏ చైనూ క్షమించదు. కార్బైడ్ పూత పళ్ల చైన్లు మట్టికి బాగా తట్టుకుంటాయి, కాని ఖరీదెక్కువ, మామూలు ఆకురాయితో సాన పట్టడం కుదరదు.

స్కిప్ చైను అంటే పళ్లు తక్కువ ఉన్నదేగా? దానికి డబ్బెందుకు?

పళ్లు తక్కువన్న మాట నిజమే. మామూలు చైనులో రెండు డ్రైవ్ లింకులకు ఒక పన్ను, ఫుల్ స్కిప్‌లో మూడింటికి ఒకటి. 36 అంగుళాల బారుకు 114 లింకుల చైను తీసుకుంటే మామూలుదానిలో 57 పళ్లు, స్కిప్‌లో 38. లావు దుంగలో బారు మొత్తం మునిగినప్పుడు పొట్టు బయటకు రావడానికి ఖాళీ కావాలి. ఒకేసారి కర్రను కొరికే పళ్లు తగ్గితే ఇంజనుకూ భారం తగ్గుతుంది. సాయంత్రం 57కు బదులు 38 పళ్లు రుద్దితే చాలు, అది వేరే సుఖం. 28 అంగుళాలకు లోపు బారుకు మాత్రం ఇది అక్కరలేదు. సన్నని కొమ్మల్లో స్కిప్ చైను తడబడుతుంది.

స్ప్రాకెట్ 7 పళ్లది తీసి 8 పళ్లది వేస్తే వేగం పెరుగుతుందా?

పెరుగుతుంది, బలం తగ్గుతుంది. 3/8 పిచ్‌లో 7 పళ్ల స్ప్రాకెట్ ఒక చుట్టుకు చైనును 13.3 సెంటీమీటర్లు లాగుతుంది. నిమిషానికి 9,500 చుట్ల దగ్గర అది సెకనుకు 21 మీటర్లు. పొట్టి బారు, మెత్తని కర్ర, పెద్ద ఇంజను ఉంటే 8 పళ్లు బాగుంటాయి. పొడవైన బారు వేసినవారు 7 దగ్గరే ఉండండి.

ఈ 21 మీటర్ల లెక్కను మరో చోట కూడా వాడాలి. చైను కోతకు అడ్డుపడే రక్షణ ప్యాంట్లను ఈఎన్ 381 అనే ఐరోపా ప్రమాణంలో (ఇప్పుడు దాని చోట ఈఎన్ ఐఎస్ఓ 11393 వచ్చింది) వేగం ప్రకారం తరగతులు చేశారు. మొదటి తరగతి సెకనుకు 20 మీటర్ల వేగం వద్ద, రెండోది 24 వద్ద, మూడోది 28 వద్ద పరీక్షించినవి. పెద్ద యంత్రం పూర్తి వేగానికి మొదటి తరగతి ప్యాంటు సరిపోదని ఆ లెక్కే చెబుతోంది. లుంగీ ఏ తరగతిలోకీ రాదు.

ఇంటర్నెట్‌లో 58 సీసీ, 22 అంగుళాల యంత్రం చవకగా వస్తోంది. కొనవచ్చా?

కొంటే కొనండి, బారు మార్చుకోండి. 58 సీసీకి 22 అంగుళాలు వేయడం అమ్మకం కోసం చేసే పని. దాని మీద 18 అంగుళాల బారు, సరిపడే 0.325 చైను వేసి చూడండి, అదే ఇంజను వేరే యంత్రంలా పనిచేస్తుంది. బారు బిగించే కంత, ఆయిల్ రంధ్రం కంపెనీకి ఒక తీరుగా ఉంటాయి కాబట్టి పాత బారు చేతిలో పట్టుకుని వెళ్లి జత చూసుకోండి.

పొడవు బారుకు ఆయిల్ సరిపోతోందో లేదో ఎలా తెలుస్తుంది?

శుభ్రమైన అట్టముక్కకు ఎదురుగా, తగలకుండా, కొనను పట్టుకుని ఇంజను వేగం పెంచండి. అట్ట మీద నూనె గీత పడాలి. పడకపోతే రంధ్రం మూసుకుపోయి ఉండవచ్చు, పంపు సర్దుబాటు తక్కువ ఉండవచ్చు, లేదా ఆ యంత్రం పంపు అంత పొడవు కోసం చేసినది కాకపోవచ్చు. చివరిదైతే బారు తగ్గించడమే మందు. బారు ఒక పక్క నీలం రంగు తిరిగిందంటే నూనె అందక కాలిందని అర్థం.

ట్రాక్టర్ నుంచి తీసిన పాత ఇంజను ఆయిల్ పోయడం మా ప్రాంతంలో మామూలు అలవాటు. అందులోని ఇనుప రజను బారును, పంపును అరగదీస్తుంది. నూనె తుంపర మీ చేతుల మీద, ముఖం మీద పడుతుంది. మిగిల్చే డబ్బు ఒక్క బారు ఖరీదుకు కూడా రాదు.

కోత ఒక పక్కకు పోతోంది. బారు వంకరా?

బారు వంకర అరుదు. ఎక్కువగా ఒక వైపు పళ్లు అరిగి, మరో వైపువి పొడవుగా మిగులుతాయి. కుడిచేతి వాటం వారికి ఒక వైపు సాన బాగా పడుతుంది, రెండో వైపు మొక్కుబడిగా సాగుతుంది. ఇప్పటి చైను పన్ను ఆకారం వెనుక ఒక పురుగు ఉంది. 1946లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో జోసెఫ్ కాక్స్ అనే ఆయన కర్ర కొడుతూ, మొద్దులో ఒక పెంకుపురుగు లార్వా కుడికీ ఎడమకూ కొరుక్కుంటూ పోవడం చూశాడు. మరుసటి ఏడాది ఆ తీరులోనే కుడి, ఎడమ పళ్లున్న చైను అమ్మకానికి తెచ్చాడు. ఒక దవడ మొద్దుబారితే పురుగైనా వంకరగానే పోతుంది కదా. రెండు వైపులా పళ్లు సమంగా ఉంచండి. అయినా కోత వాలితే గాడి వెడల్పయిందేమో, అంచులు ఒకటి ఎత్తు ఒకటి పల్లం అయ్యాయేమో చూడండి. సాన పట్టిన ప్రతిసారీ బారును తిరగేసి బిగిస్తే రెండు అంచులూ సమంగా అరుగుతాయి. స్ప్రాకెట్‌ను రెండు మూడు చైన్లకొకసారి మార్చండి. అరిగిన స్ప్రాకెట్ కొత్త చైనును తనలాగే చేసుకుంటుంది.

ఆకురాయి ఏ సైజు?

0.325కు 4.8 మిల్లీమీటర్లు. 3/8కు స్టిల్ చైనైతే 5.2, ఒరెగాన్ అయితే 5.5. 0.404కు 5.5. పన్ను ముందున్న బుడిపె కూడా తగ్గుతూ రావాలి. 3/8లో అది పన్ను అంచు కన్నా 0.65 మిల్లీమీటర్లు కిందుండాలి, 0.404లో 0.8. కొలిచే చిన్న పలక దొరుకుతుంది, కంటి అంచనాతో రుద్దకండి. మరీ తగ్గిస్తే పన్ను కర్రను కొరికి పట్టేస్తుంది, యంత్రం చేతిలో గుంజుతుంది.

దుంగను నిలువునా పలకలుగా కోయడానికి ఇదే చైను పనికొస్తుందా?

కోస్తుంది, కాని నునుపు రాదు, ఇంజను వేడెక్కుతుంది. అడ్డకోత చైనుకు 30 డిగ్రీల కోణంలో సాన పడతారు. నిలువుకోత చైనుకు 10 డిగ్రీలు. పని కాస్త ఎక్కువే ఉంటే విడిగా నిలువుకోత చైను తీసుకోండి, 90 సీసీకి తక్కువ యంత్రంతో దిగకండి.

కొన ఎగిరి మీదికి వస్తుందంటారు. పొడవు తగ్గిస్తే ఆ భయం పోతుందా?

పోదు. బారు కొనలో పై సగం దేనికైనా తగిలితే చైను అక్కడ ఇరుక్కుని బారు మొత్తాన్ని మీ ముఖం వైపు విసురుతుంది. పొడవు ఎంతైనా ఇదే జరుగుతుంది. చైను బ్రేకు పనిచేస్తోందో లేదో రోజూ పొద్దున్నే చూడండి, భుజాల ఎత్తు దాటి కోయకండి, రెండు చేతుల పట్టు వదలకండి.

తుపానులో వేళ్లతో సహా లేచిన చెట్టు ఇంకా మోసం. మాను కోసిన క్షణంలో వేళ్ల ముద్ద వెనక్కి లేచి గుంటలో కూర్చోవచ్చు. ఆ గుంటలో, దాని వెనుక ఎవరూ ఉండకూడదు, ముఖ్యంగా తమాషా చూడటానికి వచ్చే పిల్లలు.

మా పొలంలో చెట్టు కోయడానికి కూడా అనుమతి కావాలా?

ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం సొంత స్థలంలోని చెట్లకూ వర్తిస్తుంది. కొన్ని జాతులకు మినహాయింపులున్నాయి. యంత్రం స్టార్టు చేసే ముందు దగ్గరలోని అటవీ రేంజి కార్యాలయంలో అడగండి.

కొత్త చైను వేసిన రోజే వదులైంది. నాసిరకమా?

కాదు. కొత్త చైను మొదటి గంటలో సాగుతుంది. రాత్రంతా నూనెలో నానబెట్టి, మొదట తక్కువ భారంతో నడిపి, రెండు మూడుసార్లు బిగించండి. బిగించేటప్పుడు బారు కొనను పైకెత్తి పట్టుకోవాలి. చేత్తో లాగితే చైను కదలాలి, కింది అంచుకు ఆనుకుని ఉండాలి. వేడిగా ఉన్నప్పుడు బిగించిన చైనును పని అయ్యాక వదులు చేసి పెట్టండి. చల్లారి కుంచించుకున్నప్పుడు అది ఇంజను షాఫ్టును, బేరింగులను గుంజుతుంది.